శివారు పాఠాలు

నా చిన్నప్పుడు నేను చదవని రోజంటూ లేదు. జీవశాస్త్రంలో మార్కులొచ్చిన రోజు కూడా లేదు. పదో తరగతిలో ఉండగా పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, పుస్తకం మొదటి పేజీ తెరిచి, వీధి చివరిదాకా వినిపించేలా చదివేదాన్ని. "మీ అమ్మాయి చదువు వినీ వినీ మా పిల్లాడికి కూడా మొదటి పాఠం వచ్చేసిందండీ" అని పక్కింటి అక్క మా అమ్మతో అనేది. నాకది పొగడ్తలాగే ఉండేది, అర్ధ సంవత్సర పరీక్షలో యాభైకి పదిహేడు వచ్చేదాకా.

ఆ పదిహేడు చూసి మా నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. "ప్రీఫైనల్లో ముప్ఫై అయిదు రాకపోతే ఇంటర్లో బైపీసీ మాట ఎత్తకు, సీఈసీలో చేర్పిస్తాను" అని చెప్పి కంచం ముందు నుంచి లేచిపోయారు. కప్పగుడ్ల నుంచి రొయ్య మీసాల దాకా, చేలగట్ల మీద తిరుగుతూ కనపడ్డ ప్రతిదాన్నీ దోసిట్లోకి తీసుకుని చూసే పిల్లను నేను. నాకు ఆ చదువు తప్ప ఇంకోటి అక్కర్లేదు. ఆ సంగతి నాన్నకూ తెలుసు. కానీ పదిహేడు మార్కులు చేతిలో పెట్టుకుని ఆయనతో ఏమని వాదించను?

మాది బంటుమిల్లి దగ్గర పల్లె. కాలువ ఎక్కడో బెజవాడలో బయల్దేరి, దారిలో అందరి దాహం తీర్చి, ఓపిక అయిపోయాక మా ఊరు చేరుతుంది. అలా కాలువ చివరన ఉండే చేలను శివారు చేలంటారు. మా తాతయ్యవి అలాంటివే నాలుగెకరాలు. పైనున్న రైతులు తూములు ఎత్తుకుంటే ఆయన చేలో నెర్రెలే మిగిలేవి. ఏళ్ల తరబడి పోట్లాడి, బతిమాలి, చివరికి మా పంట కాలువ కింది రైతులందరి చేతా ఒక కట్టుబాటు ఒప్పించారాయన. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదిలినప్పుడు మొదటి వంతు శివారు చేలది, అక్కడి నుంచి వెనక్కి. పైవాళ్లకు ఎలాగూ నీరు అందుతుంది కాబట్టి వాళ్లది ఆఖరి వంతు. ఆ వంతులు చూసే పెద్దరికం కూడా ఆయనదే.

దాళ్వా నాట్లు పూర్తయిన రోజుల్లో ఒక సాయంత్రం తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని తేగలు ఒలుస్తున్నారు. నేను పక్కనే చేరి అలవాటుగా మొదటి పాఠం అందుకున్నాను. కాసేపు విని, పుస్తకం ఇటివ్వమన్నారు. ఆయనకు చదువు సంతకం వరకే. పుస్తకం మూసి, పేజీల అంచు కళ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ముందు పేజీల అంచు నా వేళ్ల మురికికి నల్లబడి, మెత్తబడి ఉంది. మధ్యలో కొంచెం మాసింది. వెనక భాగం మాత్రం కొన్ననాటి తెలుపుతో అలాగే ఉంది.

"ఏమే, రోజూ తూము దగ్గరే పారబెడతన్నావు. శివారుకి చుక్క పోలేదు కదే" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మొదటి నుంచి చదవకపోతే ఎలా వస్తుందని దబాయించాను. ఆయన పుస్తకాన్ని కింద పెట్టి, దాని మీద తాపీగా కూర్చున్నారు. "సరే, పారిందన్నా నిలిచిందేమో చూద్దాం. ఆ మొదటి పాఠమే చెప్పు."

నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. నెలల తరబడి ఊరంతటికీ వినిపించిన పాఠం! పుస్తకం తెరిచి ఉంటే ప్రతి మాటా తెలిసినట్టే ఉండేది, మూసేసరికి ఒక్కటీ పలకలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ గుర్తుంది. చదవడం వేరు, రావడం వేరని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదు.

మర్నాటి నుంచి ఆయన పద్ధతి మొదలైంది. చివరి పాఠంతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఒకసారి చదివి, పుస్తకం ఆయనకిచ్చేసి, చదివింది చెప్పాలి. ఎక్కడ ఆగితే అక్కడ కాస్త పక్కకు జరిగి, ఆ ముక్క మాత్రం చూడనిచ్చి మళ్లీ పుస్తకం మీద కూర్చునేవారు. బొమ్మలు అరుగు మీద ముగ్గుపిండితో వేయాలి. మూత్రపిండం బొమ్మ చూసి పక్కింటి అక్క ఇదేం ముగ్గమ్మా అని విస్తుపోయింది. చెప్పిన పాఠాన్ని మూడో రోజు మళ్లీ చెప్పాలి, వారం పోయాక ఇంకోసారి. అదే రోజు పదిసార్లు చెప్తానంటే ఒప్పుకునేవారు కాదు. "ముంచేస్తే వేరు కుళ్లుద్ది. ఆరనిచ్చి, నెర్రె పడకముందే మళ్లా పెట్టాల" అనేవారు.

పైగా ఆయన ప్రశ్నలొకటి. మూత్రపిండాలు రోజంతా నీటిని వడగడుతూనే ఉంటాయని నేను గొప్పగా చెప్పాను. "అట్టా బిందెలకి బిందెలు వడగట్టి పారబోస్తే మనిషి సాయంత్రానికి ఎండిపోడూ?" అన్నారు. పుస్తకం లాక్కుని వెతికితే, వడగట్టిన నీళ్లలో చాలా భాగాన్ని అక్కడి సన్నటి నాళాలు మళ్లీ లోపలికి పీల్చుకుంటాయని స్పష్టంగా రాసి ఉంది. ఆ లైను మీదుగా నా కళ్లు ఎన్నిసార్లు పోయాయో! బుర్రలోకి మాత్రం ఆయన అడిగిన రోజునే ఎక్కింది.

ప్రీఫైనల్ వారంలోకి వచ్చాక నాన్న ఒకసారి అరుగు దగ్గర ఆగిపోయారు. పుస్తకం తాతయ్య కింద ఉంది, నేను చేతులు తిప్పుతూ కబుర్లు చెబుతున్నట్టున్నాను. "పరీక్షలు పెట్టుకుని ఆటలా?" అని గట్టిగానే అన్నారు. తాతయ్య తల కూడా తిప్పలేదు. "నువ్వు లోపలికి పోరా. దానికి వంతు నడుస్తంది" అన్నారు. నాన్నను అలా పొమ్మనగలిగేది మా ఇంట్లో ఆయనొక్కరే.

నలభై ఒకటి వచ్చాయి. నాన్న పేపరు రెండుసార్లు తిరగేశారు. తాతయ్య వైపు తిరిగి, "బందర్లో బైపీసీ ఎక్కడ బాగా చెప్తారో కనుక్కోవాలి నాన్నా" అన్నారు. నాకు గాల్లో తేలినట్టయింది. తాతయ్య మాత్రం పోయిన తొమ్మిది మార్కులు ఎక్కడ పోయాయని ఆరా తీశారు. చాలామటుకు మొదటి పాఠంలోనే అని చెబితే, దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న కూడా నవ్వారు.

ఇప్పుడు నేను గుడివాడలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. పుస్తకం మూయించి చెప్పించడం, ఆరనిచ్చి మళ్లీ అడగడం తాతయ్య దగ్గర నేర్చినవే. మార్కులు వాటంతట అవే వస్తాయని పిల్లలకు ధైర్యంగా చెబుతాను, వస్తాయి కూడా. ఇంకొకటి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏ రోజైనా నా మొదటి ప్రశ్న ఆఖరి బెంచీకే. నిరుడు ఆ బెంచీలో కూర్చునే ఒకమ్మాయి లేచి, తడబడుతూనే గుండె గదులు నాలుగూ సరిగ్గా చెప్పింది. బాగా చెప్పావమ్మా అంటే, "ఇంతవరకు నన్నెవరూ ఏదీ అడగలేదండి" అంది. అంతే, నేను బోర్డు వైపు తిరిగిపోయాను, కళ్లలో నీళ్లు పిల్లలకు కనపడకూడదని.