పెంపుడు బుస

మా కారులో ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. అద్దాలు దించి తిప్పాను, ఎండలో తలుపులు బార్లా తెరిచి పెట్టాను, సీట్ల కింద నిమ్మచెక్కలు పెట్టాను. ఇప్పుడు నిమ్మకాయ పిండిన ఫినాయిల్ వాసన వస్తోంది.

పోసింది నేనే. పాము కోసం.

మాది అశ్వారావుపేట అవతల అడవంచు ఊరు. నిరుడు ప్రతి సోమ, శుక్రవారాలు అక్కను డయాలిసిస్‌కి ఖమ్మం తీసుకెళ్ళేవాణ్ణి. బ్రేక్ పెడల్ కొన్నాళ్ళుగా బండబారుతోంది. నా కాలే మెత్తబడుతోందనుకున్నాను. ఒకసారి పామాయిల్ గెలల ట్రాక్టర్ వెనక కారు ఆగింది. కాకపోతే నేను అనుకున్న చోట కాదు. బంపర్‌లో గెల ముళ్ళు రెండు మిగిలాయి.

ఆ శుక్రవారం బయల్దేరబోతూ బ్రేక్ తొక్కితే కాళ్ళ దగ్గర బుస్సుమంది. మా వైపు ఆ చప్పుడుకి ఒకటే అర్థం. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉన్నవాణ్ణి కనుక ముందు నేనే దూకాను. అక్కను తర్వాత దించాను. సీట్లు పీకాను, సీసాడు ఫినాయిల్ పోశాను. పాము రాలేదు. దవాఖానాలో అక్క వంతు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఇక సోమవారమే అన్నారు.

శనివారానికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడదని గోడకి ఆనుకుని కూర్చుంది.

అడవిలోనే పుట్టి పెరిగిన పక్కింటి మామ పామును పడతానని కర్ర పట్టుకొచ్చాడు.

"ఏదీ, తొక్కు."

తొక్కాను. బుస్.

"తియ్. మళ్ళ తొక్కు."

బుస్.

మామ కర్ర కింద పెట్టాడు. "నువ్వు తొక్కినప్పుడల్లా పలుకుతున్నది. ఇదేమన్న పెంపుడు పామా అల్లుడూ? రోగం బండికే. ఇంతకీ నువ్వేం చదివినవ్?"

ఖమ్మంలో పాత సామాన్ల షెడ్డు నడిపే మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఇంజన్ బంద్ జేసి ఐదారుసార్లు తొక్కండి సార్. అట్లనే తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యండి. పెడల్ జర కిందికి దిగాలె. దిగిందా?"

దిగలేదు. బండరాయిని తొక్కినట్టే ఉంది.

"బ్రేక్ బూస్టర్ లోపలి రబ్బర్ చినిగింది. మీ కాలికి బలమిచ్చేది అదే. గాలి లీకై బుస్సంటది."

కొత్తది రావడానికి వారం పడుతుందట. తన దగ్గర గుద్దుకున్న బండిలోంచి తీసింది ఒకటుందని చెప్పి, ఆదివారం పొద్దున బస్సులో పంపాడు. బోర్లించిన అన్నం గిన్నెలా, నల్లటి ఇనుప డబ్బా.

భాయ్ ఫోన్లో చెబుతుంటే విప్పాను. ముందు బూస్టర్‌కి బిగించి ఉన్న, బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ నట్లు రెండు తీసి, పైపులు ఊడకుండా దాన్ని పక్కకు జరిపాను. డాష్‌బోర్డ్ కింద వెల్లకిలా పడుకుని పాత బూస్టర్ నట్లు నాలుగు విప్పేసరికి మధ్యాహ్నమైంది. ఫినాయిల్ మంచి సరుకని అక్కడే తెలిసింది. పాము ఉంటే కచ్చితంగా చచ్చేది.

ఆ డబ్బా బిగించి, బ్రేక్ తొక్కిపట్టి స్టార్ట్ చేశాను. పెడల్ మెత్తగా దిగింది. బుస లేదు. ఇంటి ముందు పదిసార్లు నడిపి పదిసార్లు ఆపాను. పదిసార్లూ అనుకున్న చోటే ఆగింది.

అక్క గడప దగ్గర కుర్చీలో కూర్చుని అంతా చూస్తోంది.

"యాడిదిరా అది?"

"గుద్దుకున్న బండిలదక్కా. కాని మంచిగున్నది."

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"మంచిగుంటే, ఆ బండి ఎందుకు గుద్దుకున్నదిరా?"