పైల బండి ఆపిన పాట

సాల్ఫర్డ్ కార్మికుల క్లబ్బులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం గిటారు మెడలో వేసుకునే విల్ఫ్‌కు ఎనభై ఏళ్లు. పందొమ్మిదివందల అరవై నాలుగులో అతని బృందం, టిన్ మిల్లర్స్, ఒక్కటంటే ఒక్క రికార్డు ఇచ్చింది. పాట పొడవైందని కంపెనీవాళ్లు ఆఖరి చరణం కోసేశారు. ఇప్పటికీ సన్నటి నల్ల టై కట్టి, బూటు కొన రెండుసార్లు నేలకు తాటించి, ఎవరూ అడక్కపోయినా ఆ పాటే ఎత్తుకుంటాడు. మూడో చరణానికల్లా పైల బండి, అంటే పిండిలో మాంసం కూరి కాల్చిన వేడివేడి వంటకాల బండి, వస్తుంది. ఆ వాసనకు గోడమీది పటాలు కూడా ఇటు తిరుగుతాయి. కార్యదర్శి సెత్ మైకు లాక్కుని "పైలొచ్చాయహో!" అంటాడు. జనం వంటగది కిటికీకి పరుగెడతారు. అక్కడ వడ్డించేది విల్ఫ్ భార్య ఎడ్నా. ఆఖరి చరణం ఆమె మీదే రాశాడు. ఇంట్లో పాడాలంటే అతనికి సిగ్గు.

బుధవారం విల్ఫ్ గొంతుకు ఆపరేషను. తరవాత పాట ఉంటుందో లేదో డాక్టరు చెప్పలేదు. దానికి ముందటి ఆదివారం సెత్ మైకు మీద చెయ్యి వేయగానే ఎడ్నా కిటికీ తలుపు దభాలున మూసి బయటికొచ్చింది.

"కూర్చోండర్రా! సెత్, చెయ్యి తియ్యి."

"చల్లారిపోతాయమ్మా!"

"ఊదుకునే పని తప్పుతుంది."

విల్ఫ్ జీరగొంతుతో ఆఖరి చరణం పాడాడు. వానలో బస్సుకోసం నిలబడిన ఎడ్నా, ఆమె ఎర్రకోటు అందులో ఉన్నాయి.

"ఇన్నేళ్లూ దాచావటయ్యా?" అంది ఎడ్నా.

"నేను దాచలేదే! ఎప్పుడూ పైలొచ్చేవి."

"ఆ కోటు ఎరుపు కాదు, ఆకుపచ్చ."

"మార్చి పాడనా?"

ఎడ్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. "వద్దు. మొదట్నుంచీ అలాగే పాడు."