బరువు చూసి కొన్న కంప్యూటర్

మా మేనమామ ఏ వస్తువునైనా ముందు చేత్తో ఎత్తి చూస్తాడు. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసి చేసి ఆయన కుడిచెయ్యే కాటా అయిపోయింది. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి, కుక్కరు, మిక్సీ, చివరికి మా అమ్మ కళ్లజోడు కూడా ఆయన చేతిలో ఓసారి తూగకుండా గడప దాటి లోపలికి రాలేదు. తేలిగ్గా ఉంటే పెదవి విరుస్తాడు, బరువుగా ఉంటే తల ఊపుతాడు. ఆయన ఊపితే మా ఇంటిల్లిపాదీ ఊపుతారు. నలభై ఏళ్లు దాటిన దాన్ని, నేనూ ఊపాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

నేను ఆరేళ్లు ఎచ్చెర్లలో యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న ఒక టైపింగ్ సెంటర్లో పనిచేశాను. పరిశోధక విద్యార్థులు తెచ్చే థీసిస్‌లు తెలుగులో టైపు చేసి, తప్పులు దిద్ది, పేజీలు సర్ది బైండింగుకి పంపేదాన్ని. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. గైడుగారికి, తల్లిదండ్రులకి, స్నేహితులకి దండాలు పెట్టాక, చివరి వాక్యంలో టైపు చేసినవాళ్లకీ ఒక ముక్క రాస్తారు. ఆరేళ్లూ అక్కడ మా సెంటర్ పేరే పడింది. ఆ వాక్యాన్ని కూడా నా వేళ్లతోనే కొట్టాను.

రోజూ బస్సులో కుదుపులు తిని తిని నడుము పట్టేసింది. ఇంట్లోనే సొంతంగా చేసుకుందామని మానేశాను. సెంటర్ ఓనరు "మళ్లీ ఇక్కడికే వస్తావు సూడు" అన్నాడు. ఆ నవ్వు చూసి, ఛస్తే ఆ మెట్లు ఎక్కకూడదనుకున్నాను.

నన్ను నమ్మి మొదటి పని ఇచ్చింది ఒక బెస్తవారి అమ్మాయి. సముద్రం మీద వేటకి వెళ్లేవాళ్ల మాటల మీద పరిశోధన చేసింది. ఒక్కో గాలికి ఒక పేరు, వలల్లో ఒక్కో ముడికి ఒక పేరు, చదువుతుంటేనే ముచ్చటేసేది. కృతజ్ఞతల పేజీలో నా పేరు రాస్తానని తనంతట తానే అంది. నేను పైకి "ఎందుకమ్మా" అన్నానుగానీ, ఆ రాత్రి ఆ మాటకి నాకు సంతోషంతో నిద్రపట్టలేదు. ఇక కావలసిందల్లా ఒక కంప్యూటరు.

ఏది కొనాలో నాకు తెలుసు. ఇదీ అసలు ఏడుపు. సెంటర్లో నేను పనిచేసింది ఒక చిన్న నల్ల డబ్బా మీద. ఆఫీసుల కోసం చేసే రకం, నిలబెడితే లావుపాటి నిఘంటువంత ఉండేది. లైట్లూ లేవు, అందమూ లేదు. ఆరేళ్లలో ఒక్కసారి మొరాయించలేదు. దానికి తోడు కంటికి హాయిగా ఉండే తెర, వేలికి మెత్తగా తగిలే కీబోర్డు ఉంటే నాకు చాలు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్షరాలు కొట్టేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

షాపుకి మావ కూడా వచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు. అక్కడ బల్ల మీద రెండు డెస్క్‌టాప్‌లు పక్కపక్కనే పెట్టారు. ఒకటి నాకు తెలిసిన రకం చిన్న డబ్బా. రెండోది షాపువాడే భాగాలు కూర్చి బిగించింది. మోకాలెత్తు క్యాబినెట్, పక్కన అద్దం, లోపల తిరిగే ఫ్యాన్లకి ఎర్రవీ నీలివీ లైట్లు. చూస్తే అమ్మవారి సంబరంలో లైటింగు గుర్తొచ్చింది. షాపువాడు ప్రాసెసర్ అన్నాడు, ర్యామ్ అన్నాడు, ఇంట్లో సినిమాలకీ ఇదే, ఆఫీసు పనికీ ఇదే, పిల్లలు ఆటలాడుకోడానికీ ఇదే అన్నాడు. అన్నింటికీ పనికొచ్చేదంటే నాకు ముందునుంచీ అనుమానమే. తెర ఏపాటిదని అడిగితే, అదేదో అడగకూడని మాటైనట్టు చూశాడు.

మావ ఆ మాటలేవీ వినలేదు. ముందు చిన్నదాన్ని ఒంటిచేత్తో ఎత్తి, రెండుసార్లు ఎగరేసినట్టు చేసి కింద పెట్టాడు.

"ఏటమ్మీ ఇది, మరమరాల సంచిలాగుంది. దీన్లో ఏటుంటాది?"

తరవాత పెద్దదాన్ని రెండు చేతులా ఎత్తాడు. మొహం వెలిగిపోయింది. షాపువాడు సందు దొరికిందని, బరువుంటేనే కదండీ లోపల సరుకున్నట్టు అన్నాడు. మనిషిని చూడగానే ఏ మాటకి పడతాడో పసిగట్టే ఆ తెలివి చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. మావ నా వైపు తిరిగి తల ఊపాడు. నేను నోరు తెరవాలి. ఆరేళ్ల అనుభవం నాలుక చివర ఉంది. పెద్దాయన పనులు మానుకుని వచ్చాడు, పదిమందిలో కాదంటే చిన్నబుచ్చుకుంటాడు అనుకుని నేనూ తల ఊపాను. మర్యాద అంటారు దాన్ని. పిరికితనానికి మా ఇళ్లలో పెట్టుకున్న ముద్దుపేరు అది.

ఇంటికి తెచ్చాక దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. చుట్టుపక్కల వాళ్లొచ్చి లైట్లు చూసి వెళ్లారు. తెర మాత్రం పెట్టెతో పాటు అంటగట్టిన నాసిరకం. గంటసేపు చూస్తే కళ్లు నీళ్లు కారేవి. కీబోర్డు మీద తెలుగు కొడుతుంటే పెంకు మీద గీకినట్టు శబ్దం. అయినా కొట్టాను. నెల తిరక్కుండానే అది ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. యూపీఎస్ ఉన్నా ఆగేది. ప్రింట్ ఇవ్వబోతే ఆగేది. షాపువాడికి ఫోన్ చేస్తే మీ ఊరి కరెంటు మంచిది కాదన్నాడు. అమ్మే రోజున మాత్రం మా ఊరి కరెంటు బాగానే ఉంది కాబోలు.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఇంకా వారం ఉందనగా, మధ్యాహ్నం పూట ఆ కంప్యూటరు టప్‌మని పేలింది. గదంతా కాలిన ప్లాస్టిక్ కంపు. లైట్లతో సహా అంతా చచ్చిపోయింది. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే అలవాటు ఉండబట్టి గ్రంథం మిగిలింది గానీ, ఆ పిల్ల పక్కన కూర్చుని చేయించుకున్న చివరి నాలుగు రోజుల దిద్దుబాట్లు పోయాయి. ఆ పిల్లకి ఫోన్లో చెప్పాను. "ఇప్పుడేటి సేద్దాం అక్కా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఎచ్చెర్ల బస్సెక్కాను. ఎక్కకూడదనుకున్న మెట్లే ఎక్కాను. ఓనరు ఏమీ గుర్తుచేయలేదు, కుర్చీ మాత్రం చూపించాడు. నా పాత నల్ల డబ్బా అక్కడే ఉంది, నొక్కగానే లేచింది. అయిదు రోజులు ఆ అమ్మాయీ నేనూ కూర్చుని పని ముగించాం. చివరి రోజు ఓనరు కృతజ్ఞతల పేజీ తెరిపించి, మా మిషను మీద అయింది కాబట్టి మా సెంటర్ పేరు వెయ్యాలన్నాడు. ఆ పిల్ల నా మొహం చూసింది. నేను తల దించుకుని నా పేరు చెరిపి, సెంటర్ పేరు కొట్టాను. ఆరేళ్లు కొట్టిన వాక్యమే, కానీ ఆ పూట నా వేళ్లంటేనే నాకు అసహ్యం వేసింది.

ఇంటికొచ్చాక తెలిసిన మెకానిక్ ఒకాయన్ని పిలిచి క్యాబినెట్ విప్పించాను. మావ కూడా వచ్చి కూర్చున్నాడు. అద్దంలోంచి కనబడేదంతా లైట్లే. కింద భాగానికి నల్ల రేకు మూత వేసి ఉంది. కరెంటు అందించే పెట్టె ఆ మూత వెనకాల ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. మెకానిక్ ఆ పెట్టెను కూడా విప్పి, లోపల్నుంచి ఒక బూడిదరంగు ముద్ద పీకి నేల మీద పెట్టాడు. సిమెంటు. చవకరకం పెట్టెలు బరువుగా ఉండాలని అలా పోసేస్తారట, ఆయన ఇదివరకే చూశాడట.

మావ ఆ ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. ధాన్యం బస్తాలో రాళ్లు కలిపితే తూకం పెరుగుతుందని ఈ జిల్లాలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి అడుగున ఉన్న గింజ చూడనిదే బేరం మాట్లాడడు. అలాంటి మనిషి ఆ సిమెంటు ముద్దను అరచేతిలో రెండుసార్లు ఆడించాడు.

"ముప్పావు కేజీ ఉంటాది."

నవ్వొచ్చేది, ఇంకో రోజైతే. ఆ రోజు నాకు ఒళ్లంతా కంపరం ఎత్తింది. అమ్మినవాడి మీద కాదు, వాడి బతుకు వాడిది. అన్నీ తెలిసిన ఈయనా, అన్నీ తెలిసిన నేనూ కలిసి వాడి ముందు తలలు ఊపినందుకు. మొదటిసారిగా నోరు తెరిచాను. ఏది కొనాలో నాకు కొన్న రోజునే తెలుసని చెప్పాను. మావ ముద్ద కింద పెట్టి నా వంక చూశాడు.

"మరి సెప్పలేదేటమ్మీ?"

ఉన్న జవాబు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

రెండు నెలలకి శ్రీకాకుళంలో ఇంకో షాపుకి వెళ్లాను. మావ ఈసారీ వచ్చాడు, పిలవకుండానే. బల్ల మీద చిన్న నల్ల డబ్బా పెట్టారు. పక్కన మంచి తెర, నేను ముందే నొక్కి చూసి ఏరుకున్న కీబోర్డు. మావ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది.

"ఎత్తకు మావా."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. షాపులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆయన చిన్నబుచ్చుకున్నాడు, నాకు కనబడింది, అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆయనే ఒక కుర్చీ లాగి నా వెనక వేశాడు. నేను కూర్చుని, తెలుగు పెట్టించుకుని, ఆ తెల్లటి పేజీ మీద మొట్టమొదట నా పేరు కొట్టి చూసుకున్నాను.