వత్తులు విడిపోయిన ఆదివారం

దర్శి దగ్గర మా ఊరి చర్చిలో పాటలు పాడించే టీచరమ్మ గారు ఒకటో తరగతి చెప్పి రిటైరయ్యారు. మాట్లాడుతూనే చూపుడువేలితో గాలిలో అక్షరాలు దిద్దడం ఆమె అలవాటు.

పాటల్ని తెరమీద చూపించే ప్రోగ్రామ్ నేనే రాసిస్తానని బడాయి పోయాను. అదీ ఈమధ్యే పుట్టిన ఓ కంప్యూటర్ భాషలో. తెలుగు అక్షరాలను సరిగ్గా కలిపి చూపించే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, సి అనే పాత కంప్యూటర్ భాషలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని వాడుకుంటే సరిపోయేది. కానీ ఆ మాత్రం నేను రాయలేనా అనుకున్నాను. రాయలేనని ఆదివారం అందరి ముందూ తేలిపోయింది. తెరమీద "క్రీస్తు" కాస్తా "క్ రీస్ తు" అని మూడు ముక్కలైంది. ముందు వరుస పిల్లలు దాన్ని అలాగే గట్టిగా చదివారు. నేను లాప్‌టాప్ వెనక తల దాచుకున్నాను. టీచరమ్మ గారు మాత్రం తెర వంక చూడకుండా పాట ఎత్తుకున్నారు. జనమంతా ఆమె వెంట పాడేశారు.

ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికెళ్లి, "తప్పు నాది కాదండి, ఆ భాషే ఇంకా పసిది" అన్నాను.

"పసిదాని మీదకి తోస్తావేం బాబూ? నా క్లాసులో పిల్లలకీ వత్తులు ఆఖర్నే వచ్చేయి" అంటూ ఆమె గాలిలో రావత్తు దిద్దారు. "రాకపోతే పక్కవాడి పలక చూసి దిద్దుకోమనేదాన్ని."

ఆ సాయంత్రమే అక్షరాలు కలపడానికి నేను రాసిందంతా చెరిపేసి, ఆ సి లైబ్రరీనే తెచ్చి కలిపాను. తర్వాతి ఆదివారం అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. "అంతా మన అబ్బాయే రాశాడు" అని ఆమె అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేను లేచి నిలబడి, వినయంగా నమస్కారం కూడా పెట్టాను.