మీ పిల్లే కదండీ

మేము విడిపోయినప్పుడు పాప రాజోలులో నా దగ్గర ఉండాలనీ, శని, ఆదివారాలు అప్పనపల్లిలో వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలనీ, పోషణకు ఆయన నెలనెలా డబ్బివ్వాలనీ అమలాపురం కోర్టులో తేలింది. పాప ఫీజు, ఇంటద్దె ఆ డబ్బుతోనే గడిచేవి. ప్రైవేటు బడిలో పాఠాలు చెబితే నాకొచ్చే జీతం బియ్యానికీ పాలకీ సరిపోయేది.

ప్రభుత్వ టీచరు పరీక్ష కోసం అమలాపురంలో కోచింగులో చేరాలనుకున్నాను. ఆ సంగతి పాప నోట విని అత్తగారే ఫోన్ చేశారు.

"పిల్లని చూసుకుంటా ఏం చదువుతావమ్మా? బడి ఆటో మా వీధిలోకీ వస్తుంది కదా. బడి రోజుల్లో కూడా ఇక్కడే ఉంచు. నేనేవన్నా పరాయిదాన్నా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విడిపోయిన కోడలి చదువు గురించి ఏ అత్తగారు ఆలోచిస్తారు?

"ఆయ్, మీ పిల్లే కదండీ అత్తయ్యగారూ. మీ ఇష్టమండీ," అన్నాను.

మా వైపు పిల్లల్ని ఎవరు ముద్దు చేసినా, ఓ పూట అన్నం పెట్టినా అలాగే అంటాం. ఇల్లు బాగుందంటే "మీదేనండీ" అన్నట్టే. ఆ మాట పట్టుకుని ఎవరూ సామాను దింపుకోరు.

పాప దుప్పటి, యూనిఫాం సర్ది పంపాను. వాళ్ళ నాన్న రోజూ ఫోటోలు పెట్టేవారు. అరుగు మీద హోంవర్క్, నాన్నమ్మ చేత గోరుముద్దలు. చూసి మురిసిపోయి, "థాంక్సండీ" అని రాసేదాన్ని.

ఓ రోజు కోచింగు క్లాసు మధ్యలో మా లాయరుగారు ఫోన్ చేశారు.

"పాపకిచ్చే డబ్బు తగ్గించమని పిటిషన్ వేసేరమ్మా. పిల్ల ఎక్కువ రోజులు వాళ్ళింట్లోనే ఉంటోందంట. 'మీ పిల్లే' అని మీరే ఒప్పచెప్పేరంట?"

"మర్యాదకి అన్నానండీ."

"మర్యాదలు కోర్టులో చెల్లవమ్మా. ముందు పాపని తెచ్చుకోండి. ఇలాగే సాగితే తగ్గించేస్తారు."

నేను మురిసిపోయిన ఫోటోలే పిటిషన్‌కు జత చేశారట. కోచింగు సెంటరు మెట్ల మీద నిలబడి వాటినే ఒక్కొక్కటిగా మళ్ళీ చూశాను.

సాయంత్రం అప్పనపల్లి వెళ్ళాను. అత్తగారు పాపకి తల దువ్వుతున్నారు. పిటిషన్ సంగతి అడిగాను.

"వాడేదో లాయరు చెప్పేడని వేసేడు. అయినా మీ పిల్లే అని నువ్వనలేదా ఏంటి? పిల్ల తినేది ఇక్కడ, డబ్బులు అక్కడికా?"

"మీకు ముందే తెలుసాండీ?"

ఆవిడ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీయడం మొదలెట్టారు. నన్ను చదువుకోమని ఫోన్ చేసిన రోజుకే తెలుసని అప్పుడర్థమైంది.

"అమ్మా, రేపు నాన్నమ్మ పొట్టిక్కలు చేస్తానంది. ఎల్లుండి వస్తా," అంది పాప. పనసాకు బుట్టలో ఉడికిన ఆ ఇడ్లీ దానికి ప్రాణం. తీసుకెళితే డబ్బు కోసమే అంటారు. వదిలి వెళితే డబ్బు అక్కర్లేదంటారు. ఈ రెంటి మధ్యా పిల్ల ఏమనుకుంటుందో ఎవరికీ పట్టదు.

పాప బ్యాగు చేతిలోకి తీసుకున్నాను.

"ఉంచమ్మా, పిల్ల అడుగుతోందిగా. మా పిల్ల కాదా ఏంటి?" అన్నారు అత్తగారు, ఏమీ జరగనట్టు.

"ఆయ్, అలాగేనండీ" అనే మాట నోటిదాకా వచ్చేసింది.

"మీ మనవరాలేనండీ. శనివారం పంపుతానండీ. ఉండేది మాత్రం నా దగ్గరండీ."

అంత కోపంలోనూ "అండీ" మానలేకపోయాను.

ఆటోలో పాప నాకు దూరంగా జరిగి కూర్చుంది. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంది. కోచింగు మానేశాను, చదువేదో ఇంట్లోనే చదవాలి. కోర్టు ఏమంటుందో తెలియదు. శనివారం పాపని దింపేటప్పుడు వాళ్ళ గుమ్మంలో ఏం మాట్లాడాలో, ఏ మాట నోరు జారకూడదో ఇప్పటినుంచే కూడబలుక్కుంటున్నాను.