పంచె మింగిన ఫ్యాను

మా అత్తగారి వంటింట్లో నేను తెచ్చిపెట్టిన విపత్తు గురించి ముదిగుబ్బ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లు తలా ఒక రకంగా చెబుతారు. ఒకాయన కథలో నేను గోడ కన్నంలో సగందాకా దూరిపోయాను. ఇంకొకాయన నన్ను ఏకంగా దూలానికి వేలాడదీశాడు. అవేవీ నమ్మకండి. జరిగినదాని ముందు ఆ అబద్ధాలు నాకు మర్యాదగానే ఉన్నాయి.

ఎనభైల మొదట్లో సంగతి. అనంతపురంలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. కొత్తగా పెళ్లయింది. మామ చెన్నప్ప ముదిగుబ్బ దగ్గరి పల్లెలో వేరుశనగ రైతు. మొదటిసారి అత్తగారింటికి వెళ్లినప్పుడు అత్త కాఫీ తెచ్చిచ్చింది. చూస్తే కళ్లు ఎర్రగా వాచి, నీళ్లు కారుతున్నాయి. కూతురు దూరమైందని ఏడుస్తోందనుకుని నా గుండె కరిగిపోయింది.

"బాధపడొద్దత్తా. సరోజను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటా" అన్నాను గద్గదంగా.

"దానికేం నాయనా, గట్టి పిల్ల. ఇది కట్టెలపొయ్యి పొగ" అంది అత్త ముక్కు తుడుచుకుంటూ.

ఆ క్షణమే అత్తకు పొగ నుంచి విముక్తి కలిగించాలని నిశ్చయించుకున్నాను. తరువాతిసారి వెళ్లేటప్పుడు బెంగుళూరు నుంచి ఎగ్జాస్టు ఫ్యాను తీసుకెళ్లాను. వంటింటి గోడలో పైన గాలికోసం వదిలిన కన్నంలో దాన్ని బిగించారు. గోడకు అవతల పక్క వాకిట్లో పందిరి. స్విచ్చి వేయగానే, పెళ్లి భోజనాలైపోయాక చుట్టాలు బయలుదేరినట్టు, పొగంతా వరసకట్టి బయటికి వెళ్లిపోయింది. చూడటానికి వీధి వీధంతా వచ్చింది. గాలిని కనిపెట్టినవాణ్ణి నేనే అన్నట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సరోజ మాత్రం ఒక ప్రశ్న అడిగింది. "దీన్ని అప్పుడప్పుడు తుడవల్ల గదా?"

"తిరిగే రెక్క మీద మురికి నిలవదు సరోజా. అపకేంద్రబలం విసిరికొడుతుంది."

"అట్లనా" అంది. అప్పటికింకా నా మాటలు నమ్మేది.

ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా అత్త వేరుశనగ నూనెలో వేయించిన ప్రతి వస్తువూ ఆ రెక్కల మీద తన గుర్తు వదిలి వెళ్లింది. దాని మీద మసి, మసి మీద మళ్లీ నూనె. చివరికి బండి ఇరుసుకు పూసే కందెనలాంటి నల్లటి జిడ్డు వేలి మందాన పేరుకుంది. అపకేంద్రబలం ఆ ఇంట్లో పనిచేయడానికి ఒప్పుకోలేదు.

ఆ సంవత్సరమే వానలు ముఖం చాటేశాయి. వేరుశనగకు ఊడలు దిగే సమయానికి మామ బోరు ఎండిపోయింది. పక్క చేనిలోనే నీళ్లున్న బోరు ఉంది. కానీ అది మామ పెదనాన్న కొడుకు నరసప్పది. ఆయనకూ మామకూ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి, మాటలాగిపోయి ఏళ్లయింది. పంట చేతికి రావాలంటే ఇద్దరూ కలవాలి. ఊరిపెద్ద పూనుకుని, చెన్నప్ప ఇంట్లోనే ఇద్దరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టించేందుకు ఒప్పించాడు.

చదువుకున్న అల్లుడు పక్కనుంటే గౌరవమని నాకూ కబురొచ్చింది. నేను ప్యాంటు మనిషిని. అయినా మామ ఎంతో ఇష్టంగా పెద్ద జరీ అంచు పంచె ఇస్తే కట్టుకున్నాను. కట్టుకున్నాననడం కన్నా, చుట్టుకుని ఊపిరి బిగబట్టాననడం సబబు.

పందిట్లో ఆకులు వేశారు. సంధి మొదలైంది. ఇద్దరి మధ్య దూరం రెండు బారలు. మధ్యలో, ఇద్దరికీ రాయబారిగా ఊరిపెద్ద.

"పెద్దప్పా, నీళ్లిస్తే పైపులు నేనే తెచ్చుకుంటానని చెప్పు" అన్నాడు మామ.

"పెద్దప్పా, పైపులు తెస్తే సాలదు. గట్టు కాడ నన్ను అన్న మాట వాపసు తీసుకోమని చెప్పు" అన్నాడు నరసప్ప.

"పెద్దప్పా, ముందు ఆయప్ప నన్ను ఏమన్న్యాడో అడుగు."

ఊరిపెద్ద అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ మెడ పట్టుకున్నాడు. ఇంతలో పొగ ఫ్యానులోంచి పైకి పోక, వంటింటి తలుపులోంచి కిందుగా పందిట్లోకే రాసాగింది. నరసప్పకు దగ్గు తెర వచ్చింది.

"అన్నానికి పిలిచి పొగబెట్టేది యాడన్నా ఉండాదా? నేను పోతా" అంటూ తువ్వాలు దులిపి లేచాడు. ఊరిపెద్ద భుజం పట్టి కూర్చోబెట్టాడు.

నేను లోపలికి పరిగెత్తాను. అత్త పొయ్యి మీద వడలు కాలుస్తోంది, కళ్లు మళ్లీ మొదటి రోజు కాఫీనాటి రంగులో ఉన్నాయి.

"నీ ఫ్యాను గురక పెడ్తాండాది గానీ పొగ మాత్రం పోతాండల్యా నాయనా."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. దేవుడే నాకు అవకాశం ఇచ్చాడనుకున్నాను.

"ఇప్పుడే తుడిచేస్తా. స్టూలు తే సరోజా."

"ముందు స్విచ్చి ఆపు" అంది సరోజ.

"కరెంటే లేనప్పుడు స్విచ్చి ఆపడం దేనికి?"

"కరెంటు వస్తే?"

"మీ ఊళ్లో పోయిన కరెంటు ఎప్పుడైనా ఇంత తొందరగా వచ్చిందా?"

అని కిరసనాయిలు సీసా అందుకున్నాను. అత్త పెట్టిన కేకకు వడ ఒకటి నూనెలో తిరగబడింది.

"పొయ్యి మండుతాంటే కిరసనాయిలు తెస్తావా! కొంప అంటుకోదూ!" అని సీసా లాక్కుని, సబ్బునీళ్ల గిన్నె, పాతగుడ్డ చేతికిచ్చింది.

చెక్కపెట్టె మీద స్టూలు వేసి ఎక్కాను. ఫ్యాను నా ఛాతీకి ఎదురుగా వచ్చింది. రెండు రెక్కలు సగం సగం రుద్దేసరికి గుడ్డ జారి పొయ్యిలో పడింది. మళ్లీ దిగాలంటే బద్ధకం. పంచె కుచ్చెళ్ల కొస పైకెత్తి మూడో రెక్క పట్టుకున్నాను.

"అయ్యో, కొత్త పంచ!" అంది సరోజ.

కరెంటు వచ్చింది.

ఆ ఊరి కరెంటుకు నామీద ఏ కక్ష ఉందో తెలియదు. ఫ్యాను పంచె కొస పట్టుకుంది. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని చెయ్యి వెనక్కి లాక్కోవడం. వేళ్లు దక్కాయి. పంచె దక్కలేదు. ఆకలిగొన్న దూడ గడ్డిపరకను లాక్కున్నట్టు సరసరా లాక్కుంది. నడుం దగ్గర ముడి 'ఇక నావల్ల కాదు' అంది. సగం పంచె ఇరుసుకు చుట్టుకుంది, జరీ అంచు అవతలికి దూకింది. గుయ్యిమని మూలిగి, కాలిన వాసన కొట్టి ఫ్యాను బిగుసుకుపోయింది. సరోజ ఉరికి స్విచ్చి ఆపింది.

అవతల పందిట్లో ఏం జరిగిందో తరువాత తెలిసింది. నా సబ్బునీళ్లకు నానిన ఏడాది జిడ్డంతా ఒక్క విసురున వెళ్లి, కన్నానికి సూటిగా కింద కూర్చున్న నరసప్ప ముఖాన, తెల్ల చొక్కాన పడింది. అపకేంద్రబలం ఆలస్యంగానైనా పనిచేసింది. ఆకుల మీద చేతులు ఆగిపోయాయి. ఇక సంధి లేదు, నీళ్లు లేవు, పంట లేదు అని అందరూ అనుకునే వేళ మామ దిగ్గున లేచాడు.

"అన్నా! కండ్లల్లో పడిందా? ఏదీ, ఇట్ల తిరుగన్నా!" అంటూ తన తువ్వాలుతోనే ముఖం తుడవసాగాడు. తాము మాట్లాడుకోవడం లేదన్న సంగతే మరిచిపోయాడు.

"కండ్లకేం కాలేదు లేరా చెన్నా" అన్నాడు నరసప్ప, ఆయనా మరిచిపోయి. "ముందు ఇది ఎవుని పనో సూడల్ల!"

వంటింటి గడపలోకి దూసుకొచ్చాడు. వెనకే మామ, ఊరిపెద్ద, పంక్తి పంక్తంతా. నేనింకా స్టూలు మీదే ఉన్నాను. ఒంటి మీద నీలిచారల డ్రాయరు. అత్త ముఖం గోడకు తిప్పేసుకుంది. సరోజ చేతికందిన చాట నాకందించింది. రెండు చేతులా దాన్ని అడ్డం పెట్టుకుని, "నమస్కారమండీ" అన్నాను. నమస్కారం పెట్టడానికి మాత్రం చేతులు ఖాళీ లేవు.

నల్లటి ముఖంలో నరసప్ప పళ్లు మెరిశాయి. "ఒరే చెన్నా, మీ అల్లుడు రా!" అంటూ మామ భుజం మీద చెయ్యి వేసి, నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాడు. మామ ఆయన పక్కనే కూలబడ్డాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకరి కళ్లనీళ్లు ఒకరు తుడుచుకున్నారు. నా తరఫున ఏడ్చేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

ఆ మచ్చల చొక్కాతోనే నరసప్ప కడుపునిండా తిన్నాడు. లేస్తూ, "రేపట్నుంచి నీళ్లు తిప్పుకో చెన్నా" అన్నాడు.

"గట్టు కాడ అన్న మాట..." అని నసిగాడు మామ.

"ఏ మాటరా? నాకు ఆ చాట తప్ప ఏమీ గుర్తొస్తాండల్యా."

పంట దక్కింది. ఫ్యానుకు ధర్మవరంలో కొత్త వైండింగు పడింది. అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ అత్త స్విచ్చి ఆపి, ఫ్యూజు పీకి రొంటిన దోపుకుని, పొయ్యి చల్లారాక తానే తుడుచుకుంటోంది. ఆ రోజు నేను ఊళ్లో ఉంటే నన్ను ముందుగా చేనికి పంపించేస్తారు.

కాబట్టి ఎదుట ఉన్న మీ అందరినీ సాక్షులుగా పెట్టుకుని ఒట్టు వేస్తున్నాను: స్విచ్చి ఆపనిదే, ఫ్యూజు పీకనిదే, రెక్కలు పూర్తిగా నిలిచాయని కళ్లారా చూడనిదే, ఈ జన్మలో ఏ ఫ్యానునూ ముట్టను. బెల్టు బిగించిన ప్యాంటు ఒంటిమీద లేనిదే, అసలు వంటింటి గడపే తొక్కను.