ఎవరికి మాస్టారు

మా ఫిజిక్స్ డిపార్టుమెంటులో పెద్ద మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏం చెప్పినా "ఎవరికి?" అని అడుగుతారు. పిల్లలు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి "ఎవరికి మాస్టారు" అని పేరు పెట్టేశారు.

"పావుగంట ఆలస్యం!" అని ప్రిన్సిపాలు గుడ్లురిమితే, "ఎవరికి?" అనేవారు.

"నాకు, మీ క్లాసుకు, ఆ గోడ గడియారానికి!"

"గడియారం గోడ మీదే కదలకుండా ఉంది కాబట్టి దాని మాట నమ్మొచ్చు" అని ఒప్పేసుకుని క్లాసుకు పరుగెత్తేవారు.

ఇంట్లోనూ అంతే. "కూరలో ఉప్పెక్కువైందా?" అని భార్య అడిగితే, "ఎవరికి?"

"అయ్యో రాత! తింటున్నది మీరేగా!"

"నాకైతే సరిపోయింది" అని చెంబెడు నీళ్లు తాగేవారట.

ఆయన దగ్గరే చదువుకుని, ఆయన పక్క కుర్చీలోనే ఉద్యోగం వెలగబెడుతున్న నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది.

మొన్న వార్షిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అందులో ఒక ప్రశ్న: ప్లాట్‌ఫారం మీద ఒకడు, కదిలే రైల్లో ఒకడు. ఒకడు కొలిచిన దూరాన్నీ కాలాన్నీ రెండోవాడి కొలతల్లోకి మార్చే సూత్రాలు రాబట్టాలి. ప్రశ్న నాదే. ఒకమ్మాయి వేగానికి మైనస్ గుర్తు ఉండాల్సిన ప్రతిచోటా ప్లస్ వేసింది, మూడు పేజీలూ! ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. దాంతో ఆ పిల్ల పరీక్ష తప్పినట్టే, ఏడాది పోయినట్టే.

"చూడండి మాస్టారూ, మొత్తం తప్పే!"

"ఎవరికి?"

"అబ్బబ్బ! లోకానికంతటికీ!"

ఆయన కళ్లజోడు తుడుచుకుని, పేపరు లాక్కుని, మొదటి వరుస నుంచి లెక్క మళ్లీ చేశారు. టీ చల్లారిపోయింది. చివరికి ఆ అమ్మాయి గీసిన బొమ్మ మీద వేలు పెట్టారు. రైలు కిటికీలో చిన్న చుక్క, పక్కన "నేను" అని రాసుంది.

"పిల్ల రైల్లో కూర్చుందయ్యా. అక్కణ్ణుంచి చూస్తే ప్లాట్‌ఫారమే వెనక్కి పోతోంది. వేగం గుర్తు తిరగబడదూ? కాంతి వేగం ఇద్దరికీ ఒకటేనని మొదలెట్టింది, ఒక్క మెట్టూ తప్పలేదు. ఎక్కడ నిలబడి చెయ్యాలో ప్రశ్నలో రాశావా?"

రాయలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను ప్లాట్‌ఫారం మీదే నిలబడి దిద్దాను. ఈయన రైలెక్కి, ఆ పిల్ల పక్కన కూర్చుని చూసొచ్చారు. ఇన్నేళ్లూ ఆ "ఎవరికి" చేస్తున్న పని ఇదన్నమాట.

సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను.

"మాస్టారూ, నేను సున్నా వేసిన సంగతి మాత్రం బయట చెప్పకండి."

"ఎవరికి?" అంటారని చెవులు మూసుకోబోయాను. ఆయన నా ఎర్ర పెన్నుకు మూతపెట్టి, నా జేబులోనే గుచ్చారు.

"ఏ సున్నా?" అన్నారు.